ఫ్రిస్కోలో 837 కిలోహెర్ట్జ్

చెప్పులు గరాజ్‌లోనే విడిచి రండి. కింద కూచుని మాట్లాడుకోలేం. ఓ పక్క మిక్సీ తిరుగుతోంది, ఇంకో పక్క పక్కింటివాళ్ళ లాన్ కోసే మిషను పొద్దుటి నుంచీ ఒకటే మోత. మెట్లెక్కి ఎడమ చేతి గదిలోకి పదండి. ఈ పేటలో ప్రతి ఇంటికీ ఉండే మీడియా రూమ్ ఇదే. కిటికీ లేదు, కాలు దిగబడే కార్పెట్, గోడ నిండా తెర. సినిమాలు చూద్దామని బిల్డరుకి అదనంగా డబ్బు కట్టి మరీ తీసుకున్నాం. ఈమధ్య ఆ తెర వెలగడం లేదు. మడతబల్ల మీద పాత క్యాసెట్ డెక్, దాన్లోంచి చిన్న డబ్బాలోకి, డబ్బాలోంచి లాప్‌టాప్‌లోకి వైర్లు. పక్క కుర్చీలో నాన్న. ఆయన ఒళ్ళో పాత పంచె ముక్కలో కట్టిన మూట.

ఆ మూట తెనాలి నుంచి వచ్చింది. ఊరగాయ సీసాల చోటు తినేసిందని అమ్మకి దాని మీద ఇంకా కోపమే. లోపల ఉన్నవన్నీ ఎనభైల నాటి క్యాసెట్లు. నడవలో రేడియోకి ఎదురుగా టేప్‌రికార్డరు పెట్టి నాన్న విజయవాడ కేంద్రం నుంచి పట్టినవి. కొన్నిటి మీద పాటలు, కొన్నిటి మీద ఉషశ్రీ గారి ధర్మసందేహాలు. మిగిలినవి మాటలు: ఎవరో వచ్చి కూచుంటారు, ఇంకెవరో అడుగుతారు, అరగంట గడుస్తుంది. చిత్రకారుడు, చరిత్ర పంతులు, మద్యనిషేధం గురించి ఒకావిడ, బొమ్మలాట ఆడించే పెద్దాయన. పాటలు ఎలాగూ ఎక్కడైనా దొరుకుతాయి గనక ముందు మాటలే తీద్దామని తీర్మానించుకున్నాం.

ఇదిగో, ఈ సోనీ సి-60 చూడండి. అట్ట మీద నీలం ఇంకుతో నాన్న రాసింది సగం చెరిగింది. "రేడియో, ఆది" దాకా చదవొచ్చు, తర్వాత "హార్మో" అని ఉంది, ఆపైన చెమ్మ. డబ్బా మూలల్లో మరలు విప్పితే లోపల టేపు బానే ఉంది గానీ, టేపుని హెడ్డుకి ఆనించి ఉంచే చిన్న మెత్తటి ముక్క ఊడి అడుక్కి పడింది. అది లేకపోతే గొంతు దుప్పటి ముసుగులోంచి వచ్చినట్టుంటుంది. పనికిరాని ఇంకో క్యాసెట్‌లోంచి తీసి అతికించాం. ఇప్పుడు డెక్ మూత తెరిచి, హెడ్డు పక్కనున్న బుల్లి మరని సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పాలి. టేపు పట్టిన మిషను హెడ్డు ఏ కోణంలో ఉందో ఈ హెడ్డు కూడా అదే కోణంలో ఉండాలి. కోణం కుదిరిందని చెప్పేది మీటర్లు కావు, నాన్న చెవులు.

"శ కీ ష కీ తేడా తెలియట్లా. ఇంకాస్త తిప్పు. ఆ, ఆగు. ఇప్పుడు 'విశేషం' అన్నాడు చూడు, రెండూ విడిగా పలికాయి. అక్కడే ఉంచు."

విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద ఆ కేంద్రం మాట్లాడే తెలుగుకి అలవాటుపడిన చెవులు మూడు సకారాల్లో ఒకటి తగ్గినా ఊరుకోవు.

ప్లే నొక్కాను. వినండి. నవ్వకండి. గొంతు పిల్లాడి గొంతులా కీచుగా, పరుగు మీద వస్తోంది. నాన్నకి కారణం తెలుసు. "బ్యాటరీలు అయిపోవచ్చాయి ఆవేళ. రేడియో కరెంటు మీద నడిచేది, టేప్‌రికార్డరు బ్యాటరీల మీద. కొత్తవి కొనడానికి ఆదివారం కొట్టు తీసుంటేగా." మోటారు నీరసంగా తిరిగింది గనక టేపు నెమ్మదిగా సాగింది. నెమ్మదిగా పట్టింది మామూలు వేగంతో ఆడిస్తే గొంతు పైకి ఎగదన్నుతుంది. ఎంత నీరసంగా తిరిగిందో ఇన్నేళ్ళ తర్వాత లెక్క కట్టడం ఎలా?

తెర వైపు రండి. గొంతుల కింద, అట్టడుగున రెండు సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? ఒకటి సరిగ్గా అరవై దగ్గర. అది మా ఇంటి కరెంటు మూలుగు. అమెరికాలో కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుంది, ఎంత మంచి వైరు వాడినా కాస్త చొరబడుతుంది. దాని కిందది చూడండి, యాభై నాలుగు దగ్గర. అది తెనాలి కరెంటు. మన దేశంలో యాభై ఉండాలి. రేడియోలోంచి సన్నగా వచ్చిన ఆ మూలుగుని కూడా టేపు పట్టేసింది, నీరసపు మోటారు పుణ్యాన ఇప్పుడది యాభై నాలుగై కూచుంది. ముందు అరవై గీతని చెరిపేసి, యాభై నాలుగుని లాగి యాభై చేస్తే సరి. మాటలన్నీ దాంతోపాటే దిగాలి.

దిగాయి. కీచుగొంతు పిల్లాడు పోయి అరవై దాటిన ఒక మగమనిషి వచ్చి గదిలో కూచున్నాడు. తీరిగ్గా, చుట్ట కాల్చేవాళ్ళ గరగరతో. నాన్న కుర్చీలో ముందుకి జరిగారు. "ఆఁ. ఇదీ ఆయన గొంతు."

ఎవరాయన? అదే తెలియదు. అప్పట్లో ఇంట్లో రికార్డు చేసినవాళ్ళందరిదీ ఇదే వరస. అనౌన్సరు పేరు చెబుతున్నంతసేపూ కాఫీ తాగుతూ వింటారు, మాట రసకందాయంలో పడ్డాక "అరే, ఇది పట్టాలి" అని పరిగెత్తి ఎర్ర మీట నొక్కుతారు. మా టేపు కూడా ఒక ప్రశ్న చివర్లో మొదలవుతుంది. చివరికి వచ్చేసరికి ముప్పై నిమిషాలు నిండి టేపు టక్కున ఆగుతుంది, ముగింపు ప్రకటన గాలికి పోతుంది. మధ్యలో ఉన్నదంతా పదిలం. పేరొక్కటే లేదు.

మనిషి మాత్రం దొరుకుతాడు. హార్మోనిస్టు. కాంట్రాక్టు నాటకాలకి వాయించాడు. ఏ నాటకమో చెప్పకపోయినా పోల్చుకోవచ్చు, రాయబారం సీను మాట వస్తోంది కదా, తిరుపతి వెంకటకవుల ఉద్యోగవిజయాలు. ఒక రాత్రికి ముగ్గురు కృష్ణులట. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధానికి మరొకరు. ఒక్కో కృష్ణుడు ఒక్కో ఊరి నుంచి సాయంత్రం బస్సుకి దిగుతాడు. రిహార్సల్ అన్న ముచ్చటే లేదు. అర్జునుడు ఎవరో కృష్ణుడికి తెర లేచాకే తెలిసేది. అందరి శ్రుతులూ తెలిసినవాడు హార్మోనియం ముందున్నవాడొక్కడే. ఈయన గొంతు నాలుగులో నిలుస్తుందా అయిదుకి ఎక్కుతుందా, ఆయన ఆలాపన ఎక్కడ తుంచుతాడు, వన్స్‌మోర్ పడితే రెండోసారి ఎంత సాగదీస్తాడు, జలుబు చేసినరోజు ఎక్కడ అరశ్రుతి తగ్గించి కాపాడాలి. ఇదంతా గొప్పగా చెప్పడం లేదాయన. పొలం గట్ల సంగతి చెబుతున్నంత మామూలుగా చెబుతున్నాడు.

ఇప్పుడు రెండో గొంతు మీద చెవి పెట్టండి, అడిగే ఆయన మీద. చాలాసేపు ఆయన ఉన్నట్టే ఉండదు. "ఊఁ" అని కూడా అనడు. పెద్దాయన ఒక వాక్యం ముగించి ఆగాడు. ఇక్కడ మనమైతే ఏదో ఒకటి అనేస్తాం, కనీసం "అద్భుతమండీ" అంటాం. ఈయన ఆగాడు. తెర మీద గీత చదునుగా పోతోంది చూడండి, నాలుగు సెకన్లు, అయిదు. రేడియోలో అయిదు సెకన్ల నిశ్శబ్దమంటే కంట్రోల్ రూమ్‌లో వాళ్ళు లేచి నించుంటారు. ఆ తర్వాత పెద్దాయనే నోరు తెరిచి, పడక సీను కృష్ణుడు ఒకరోజు స్టేజీ మీదే సొమ్మసిల్లి పడిపోతే తను పద్యం ఎత్తుకుని తెర వెనక నుంచి పాడిన సంగతి చెప్పాడు. అడిగి ఉంటే చెప్పేవాడు కాదని నా గట్టి నమ్మకం.

అప్పుడు వచ్చింది ప్రశ్న. ఇన్నేళ్ళు వాయించారు కదా, రేడియోలో ఎప్పుడు వాయించారు? ఆకాశవాణి స్టూడియోలో కూచుని, ఆకాశవాణి జీతం తింటున్న మనిషి అడిగిన ప్రశ్న ఇది.

ఎందుకు పదునైనదో చెబుతాను. 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించింది. పన్నెండు మెట్లకి బిగించిన పెట్టె మన గమకాలు పలకదని, పరాయి వాద్యమని, గొంతుల్ని పాడుచేస్తోందని అభియోగం. రవీంద్రనాథ్ ఠాగూరంతటివారు కలకత్తా కేంద్రానికి ఉత్తరం రాసి ఆ మాట బలపరిచారు. 1971లో గానీ నిబంధన సడలలేదు, అప్పుడైనా ఒక్కసారిగా తలుపులు బార్లా తెరవలేదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఊరూరా తెల్లవార్లూ జనం విన్న వాద్యం రేడియోలో వినపడలేదు. శాస్త్రీయ సంగీతం వైపు నుంచి ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే పద్యనాటకానికి హార్మోనియం కేవలం పక్కవాద్యం కాదు, దాదాపు దర్శకుడు. ఈ సంగతి ఢిల్లీలో నిబంధన రాసినవాళ్ళకి ఎవరు చెప్పాలి?

పెద్దాయన జవాబు విని నాన్న ఇప్పుడు కూడా తొడ చరిచారు. నన్ను పిలుస్తారు, నా పెట్టెని గుమ్మం బయట పెట్టి రమ్మంటారు అన్న ధోరణిలో ఏదో అన్నాడు, తను కూడా నవ్వాడు. అడిగే ఆయన నవ్వలేదు. దాటవేయలేదు కూడా. ఆ రోజుల్లో ఒక రాత్రికి ఎంత ఇచ్చేవారని అడిగి, లెక్కల్లోకి దింపాడు.

కాఫీ వచ్చింది, తీసుకోండి. టేపు కాసేపు ఆపుదాం.

అలా అడగడం ఎక్కడ నేర్చుకున్నారని మీకు రావలసిన అనుమానమే. ఆకాశవాణిలో బల్లకి అటుపక్క ఎవరుండేవారో తలుచుకోండి. గోపీచంద్, బుచ్చిబాబు, దాశరథి, దేవులపల్లి కృష్ణశాస్త్రి. స్త్రీ పాత్రలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు హైదరాబాద్ కేంద్రంలో పనిచేశారు. విజయవాడలో బాలాంత్రపు రజనీకాంతరావు. ఆయన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' 1961లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకుంది. వచ్చిన అతిథి ఏం చెబుతాడో ముందే తెలిసినవాళ్ళు, తెలిసి కూడా నోరు కట్టేసుకోగలిగినవాళ్ళు ఆ గదుల్లో ఉండేవారు.

ఇంకో వైపు కూడా చూడాలి. ఆకాశవాణి ప్రసంగమంటే ముందు కాంట్రాక్టు కాగితం ఇంటికొచ్చేది: ఏ తేదీ, ఎన్ని నిమిషాలు, ఎంత పారితోషికం. మాట్లాడేది రాసుకుని రావాలి, అధికారి చూడాలి, అప్పుడు చదవాలి. అలా చదివిన ప్రసంగాలు ఈ మూటలో బోలెడు. వాటిలో కొన్ని వింటే గవర్నమెంటు గజెట్‌కి గొంతు వచ్చిందనిపిస్తుంది. రాతప్రతి లేని సంభాషణలే బతికిన మాటలు. దురదృష్టమేమంటే స్పూలు టేపు ఖరీదైన సరుకు, ప్రసారం కాగానే చెరిపి ఇంకోటి రికార్డు చేసేవారు. లండన్‌లో బీబీసీ చేసింది కూడా అదే. పెద్ద పేర్లు కొన్ని ఆర్కైవ్స్‌కి వెళ్ళాయి. మన హార్మోనిస్టు వెళ్ళి ఉంటాడా? నాకు నమ్మకం లేదు. అందుకే ఇళ్ళలో పట్టిన టేపులకి ఇంత విలువ. జర్మనీలో ఉండే పరుచూరి శ్రీనివాస్ గారు పాత రేడియో ప్రసంగాలూ నాటకాలూ సేకరించి 'ఈమాట' పత్రికలో వినిపిస్తూ వచ్చారు. ఆ పనికి యూనివర్సిటీలు ఉన్నాయి కదా అనుకుంటాం. ఉన్నాయి, నిజమే.

నాన్నకి ఈ ఊరు నచ్చడానికి పెద్ద కారణం రేడియోయేనంటే నమ్మండి. ఫ్రిస్కో పుట్టింది రైలు వల్ల. 1902లో సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే ఇటుగా పట్టాలు వేసి, ఇంజన్లకి నీళ్ళు పట్టేందుకు ఇక్కడ ఆగితే ఊరయింది. రైల్వే ముద్దుపేరే ఊరి పేరు. 2010 జనాభా లెక్కల్లో 1,16,989 మంది ఉన్నారు, 2020కి 2,00,509. పెరిగినవాళ్ళలో మనవాళ్ళెందరో ప్రెస్టన్ రోడ్డు మీద కూరగాయల కొట్టుకెళితే తెలుస్తుంది. ఇవన్నీ విని నాన్న తలూపి ఊరుకున్నారు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ మాట ఎత్తగానే లేచి కూచున్నారు. 1954 నవంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ రేడియో రీజెన్సీ టీఆర్-1. దానిలో నాలుగు ట్రాన్సిస్టర్లు, ధర 49 డాలర్ల 95 సెంట్లు. ఆ ట్రాన్సిస్టర్లు తయారైంది డాలస్‌లో, ఇక్కణ్ణుంచి కారులో ముప్పావుగంట దక్షిణంగా ఉన్న ఆ కంపెనీలో. నాగలి మీద వేలాడిన రేడియో, బస్సు ప్రయాణంలో చెవి దగ్గర పెట్టుకున్న రేడియో, అన్నిటి వంశం అక్కడికి చేరుతుంది. కారులో అటు తీసుకెళ్ళి బయట నుంచి భవనం చూపిస్తే నాన్న చేయెత్తి దణ్ణం పెట్టారు. నేను నవ్వలేదు.

సరే, ఇప్పటి సంగతేమిటని అడుగుతారు. మాటలు రికార్డు చేయడానికి కొరత ఏముంది? ఇటు డాలస్ దేశీ ఎఫ్‌ఎంలలో తెలుగు గంటలున్నాయి, ఈ వీధిలోనే ఎవరి గరాజ్‌లోనో మైకులు, నురుగు పలకలు అంటించిన గోడలు ఉండే ఉంటాయి. పొద్దున టోల్‌వే మీద డాలస్ దాకా పాకే కార్లలో ఎన్నిట్లో తెలుగు మాట్లాడుతోందో. 'కౌముది' నడిపే కిరణ్ ప్రభ గారి టాక్ షోలు వింటూ ఆఫీసు పార్కింగ్‌లో దిగకుండా కూచున్న రోజులు నాకున్నాయి. ఒక్క మనిషి ఎదురుగా ఎవరూ లేకుండా గంటసేపు ఒక కళాకారుడి జీవితం చెబితే కూచుని వింటున్నామంటే వెనక ఎంత చదువుందో ఊహించుకోవచ్చు. స్థానికంగా కేరా రేడియోలో క్రిస్ బాయిడ్ 'థింక్' కూడా అంతే, పుస్తకం చదవకుండా రచయితని కూచోబెట్టదని రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. షికాగోలో స్టడ్స్ టెర్కెల్ 1952 నుంచి 1997 దాకా మాట్లాడించాడు. టేప్‌రికార్డరు మీటలు ఆయనకి సరిగా వాడటం వచ్చేది కాదని చెప్పుకుంటారు. మీట రాకపోయినా ఫరవాలేదు, వినడం వచ్చు.

మన మైకుల్లో ఎక్కువ చోట్ల మీటలన్నీ వచ్చు. అతిథి ఊరు, చదువు, మొదటి ఉద్యోగం, "మా శ్రోతలకి మీ సందేశం". మధ్యలో అడిగే ఆయన తన కథ రెండు నిమిషాలు. ఒకసారి ఇలాంటి సంభాషణలో ఒక పెద్దావిడ తన చిన్నప్పుడు ఊళ్ళో చెరువు దగ్గర కులానికో రేవు ఉండేదని మొదలుపెట్టింది. "చాలా సంతోషమండీ, ఇప్పుడో పాట విందాం" అన్నాడు అవతలి పెద్దమనిషి. స్టీరింగ్ మీద చెయ్యి బిగుసుకుపోయింది నాకు.

పదండి, రెండో సగం విందాం. ఈలోగా నాన్న తెనాలికి ఫోన్ కలిపారు. ఇక్కడ పదకొండున్నర, అక్కడ రాత్రి పది. మంచం ఎక్కిన బాబాయిని లేపి, ఫోను స్పీకరు దగ్గర పెట్టి ఒక నిమిషం వినిపించారు. బాబాయి ఒక పేరు చెప్పాడు. నాన్న కాదన్నారు, ఆయన ఎడంచేతి వాటం, ఈయన ఇందాక కుడిచెయ్యి నొప్పి అన్నాడుగా. బాబాయి పక్కింటాయన్ని పిలిచాడు. ఆయన ఇంకో పేరు చెప్పి, కాదులే, ఆయనకి నత్తి అన్నాడు. రెండు పేర్లు పడి రెండూ లేచిపోయాయి. వాదన మటుకు భలేగా సాగింది. ముగ్గురు ముసలివాళ్ళు రెండు ఖండాల మీద కూచుని, ఎప్పుడో ఆగిపోయిన హార్మోనియాల్ని శ్రుతుల్ని బట్టి గుర్తుపడుతుంటే మధ్యలో నేను ఫోను పట్టుకుని నించున్నాను. మీరూ విన్నారు కదా.

ఫైలుకి పేరు పెట్టాలి. "హార్మోనిస్టు, పేరు తెలియదు" అని కొట్టాను. నాన్న తెర వైపు వంగి చదివి, "అడిగినాయన కూడా రాయి" అన్నారు. ఆయన పేరూ తెలియదు కదా నాన్నా అంటే, "తెలియదనే రాయి, ఇద్దరికీ చెరో తెలియదు."

మా అమ్మాయి తలుపు దగ్గరకొచ్చి ఎప్పుడు నించుందో. స్కూల్లో హిస్టరీ ప్రాజెక్టుకి ఇంట్లో పెద్దవాళ్ళని ఎవరినైనా ఇంటర్వ్యూ చెయ్యాలట. "తాతయ్యా, నిన్ను రికార్డ్ చేస్తా. రేపు మార్నింగ్. ఫోన్‌లోనే."

నాన్న అద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఏ విషయం మీద?"

"ఏదైనా. నీ ఇష్టం."

"నా ఇష్టమైతే ఇంటర్వ్యూ ఎట్లా అవుతుంది? విషయం నువ్వు చెప్పాలి. ఎన్ని నిమిషాలో చెప్పాలి. నేను పుట్టిన ఊరు గురించి రెండు పేజీలు చదివి రా, చదివావో లేదో నాకు తెలిసిపోతుంది. మధ్యలో ఫోను మోగకూడదు. 'వావ్' అనకూడదు."

"ఓకే."

"కాంట్రాక్టు కాగితం ఈ రాత్రికే నా బల్ల మీద ఉండాలి. పారితోషికం ఎంతో అందులో వెయ్యి."